కూటి కోసం వచ్చినవారా, కూడు పెట్టినవారా?
ఒంగోలు సువార్త చరిత్ర, నేటి గృహ ప్రార్థనలు, ఆతిథ్య దైవశాస్త్రం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘాల పుట్టుకను గూర్చి మాట్లాడినప్పుడెల్లా రెండు మాటలు వినబడతాయి. మొదటిది బయటివారి నింద: వీరు కూటి కోసం మతం మారినవారు. రెండవది సంఘం ఇచ్చే జవాబు: కాదు, వాక్యం విని, ప్రార్థన వలన మారినవారు. ఈ రెండు మాటలూ ఒకే ఊహ మీద ఆధారపడి ఉన్నాయని మా అభిప్రాయం. అన్నం వేరు, విశ్వాసం వేరు అన్నదే ఆ ఊహ. నింద వేసినవారు అన్నాన్ని చూపి విశ్వాసాన్ని కొట్టివేశారు. జవాబు చెప్పినవారు విశ్వాసాన్ని కాపాడుకోవడానికి అన్నాన్ని ప్రస్తావించడమే మానుకున్నారు. ఫలితంగా మన సంఘ చరిత్రలో బోధకుల పేర్లు, బాప్తిస్మాల లెక్కలు, ఆలయ ప్రతిష్ఠల తేదీలు నిలిచాయి. ఆ బోధకులకు ఇంటి ముంగిట చాప పరచి, ఉన్న గింజలు వండి పెట్టిన కుటుంబాల ఊసు మాత్రం నిలవలేదు.

బాపట్ల నుండి చీరాల, వేటపాలెం మీదుగా ఒంగోలు వరకు సాగే తీరప్రాంతాన్ని ఈ వ్యాసానికి క్షేత్రంగా తీసుకున్నాము. ఉత్తరాన గుంటూరు వైపు 1842లో ఫాదర్ హేయర్‌తో లూథరన్ పరిచర్య మొదలైంది. దక్షిణాన నెల్లూరు, ఒంగోలు వైపు నుండి అమెరికన్ బాప్టిస్టు పరిచర్య వచ్చింది. 1883లో బాపట్ల బాప్టిస్టు మిషన్‌కు ప్రత్యేక కేంద్రమైంది. చీరాలలోని బేయర్ ఆసుపత్రి లూథరన్ స్త్రీల వైద్య పరిచర్యకు గుర్తు. ఈ రెండు ధారలు దగ్గరపడిన నేల ఇది. ఇక్కడి సంఘాల జ్ఞాపకాన్ని ఎక్కువగా తీర్చిన పుస్తకం డాక్టర్ జాన్ ఇ. క్లౌ జీవితకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన ఈ గ్రంథం, ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1914లో వెలువడింది. ఆ చరిత్రను వంటింటి వైపు నుండి చదివి, దాని వెలుగులో నేటి గృహ ప్రార్థన కూడికలను పరీక్షించడం మా ఉద్దేశం.

1. కొండ మీది ప్రార్థన, పల్లెలోని ఆతిథ్యం

ఒంగోలు సంఘ చరిత్ర సాధారణంగా 1854 జనవరి 1 తెల్లవారుజామున మొదలవుతుంది. ఆ ఉదయం ఒంగోలు కొండ మీద లైమన్ జ్యూవెట్ దంపతులు, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు కలిసి మోకరించి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. నేటికీ ఆ కొండను ప్రార్థన కొండ అనే పిలుస్తాము. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. ప్రసంగాలలో మాత్రం ఆ ఘట్టం ఎక్కువగా జ్యూవెట్ ప్రార్థనగానే వినబడుతుంది. స్త్రీల పాత్ర కనబడకుండా పోవడం చరిత్ర మొదటి పుటలోనే జరిగింది.

రెండవ ఘట్టం పల్లెలో జరిగింది. చర్మకార వృత్తిలో ఉన్న యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందినప్పుడు వారిని సిద్ధపరచింది దొరగారి ప్రసంగం కాదు. అంతకుముందే పేరయ్య తన వారి మధ్య తిరుగుతూ తాను విన్నది చెప్పుకొచ్చాడు. పేరయ్య ఒక యోగి శిష్య పరంపరలో నడిచినవాడు. గురువు వస్తే ఇంట దించుకోవడం, ఆయన చెప్పేది రాత్రి పొద్దుపోయేదాకా వినడం ఆ జనులకు ముందునుండి తెలిసిన మర్యాద. ఎమ్మా క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ సాండల్స్’ మాదిగ కుటుంబాల మతజీవితాన్ని, గురువుల సంప్రదాయాలను బోధకుల నోటినుండి విని రాసిన పుస్తకం. సువార్త వట్టి నేల మీద పడలేదని ఆ రెండు గ్రంథాలూ ఒప్పుకుంటాయి.

మా విమర్శ ఇక్కడ మొదలవుతుంది. ఈ వ్యాప్తిని మనం బంధుత్వ మార్గమని, సామూహిక ఉద్యమమని పేరుపెట్టి పాఠాలు చెబుతున్నాము. అయితే పల్లెలో బంధుత్వం నడిచేది దేని మీద? రాకపోకల మీద, కలిసి తినడం మీద. చుట్టం వస్తే కాళ్లకు నీళ్లివ్వాలి, గంజో సంకటో ముందు పెట్టాలి, పడుకోవడానికి చోటు చూపాలి. ఆ రాత్రి ఆ చుట్టం చెప్పిన మాట పొయ్యి చుట్టూ కూర్చున్నవారు విన్నారు. కాబట్టి ఆ పొయ్యిని సువార్తకు నేపథ్యంగా మాత్రమే చూడడం చాలదు. వాక్యం చేరిన స్థలమే అది. లూదియ తన యింట దిగమని అపొస్తలులను బలవంతం చేయగా ఫిలిప్పీ సంఘానికి ఒక ఇల్లు దొరికింది (అపొ.కా. 16:15, 40). లూదియను గూర్చి ప్రసంగించే మనం నాగమ్మను గూర్చి ప్రసంగించము.

2. కరవు, కాలువ, బాప్తిస్మం

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహాకరవు ఈ చరిత్రలో అన్నిటికంటె క్లిష్టమైన అధ్యాయం. ఆ రోజులలో ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హామ్ కాలువను తవ్వించింది. వేటపాలేనికి దక్షిణాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసే జలమార్గం అదే. అందులో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. పని దొరికినవారు కూలి పుచ్చుకుని గింజలు కొన్నారు, వండుకున్నారు, విశ్రాంతి వేళ బోధకులు చెప్పింది విన్నారు.

కూటి కోసం మతం మారారన్న నింద ఈ చోటనే ఎక్కువగా వేస్తారు. దానికి క్లౌ ముందుగానే జాగ్రత్తపడ్డాడు. కరవు సాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయిన తర్వాతనే 1878 జూన్‌లో తిరిగి మొదలుపెట్టాడు. జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. సమర్థనకు ఇంతకంటె గట్టి ఆధారం అక్కరలేదు. గింజలు పంచడం ఆగిన తర్వాత వచ్చినవారిని గింజల కోసం వచ్చారనడం న్యాయం కాదు.

అయినా ఈ సమర్థనలో ఒక లోపం ఉంది. బాప్తిస్మాన్ని అన్నానికి దూరంగా జరిపితేనే అది స్వచ్ఛమవుతుందన్న తర్కం అందులో దాగి ఉంది. కరవు కాలంలో ఆ జాగ్రత్త అవసరమే. ఆకలిని అడ్డుపెట్టుకుని ఆత్మలను లెక్కపెట్టే పరిచర్య సువార్తకు అపకీర్తి. కాని కరవు తీరిన తర్వాత కూడా మన సంఘం ఆ దూరాన్ని విశ్వాసానికి కొలతగా నిలుపుకుంది. ఆకలిగొన్న జనసమూహానికి రొట్టెలు పంచిన తర్వాతనే యేసు జీవాహారమును గూర్చి బోధించాడు. రొట్టెలు తిని తృప్తి పొందినందుకే తనను వెదకుతున్నారని ఆయన వారిని హెచ్చరించిన మాట నిజమే (యోహాను 6:26). ఆ హెచ్చరిక ముందే తెలిసినా ఆయన వారిని పస్తు పంపలేదు.

నింద వేసినవారికి మరొక ప్రశ్న వేయవలసి ఉంది. గుండ్లకమ్మ ఒడ్డుకు పల్లెపల్లెనుండి తరలివచ్చిన వేలమంది ఆ రోజులలో ఎవరి గింజలు తిన్నారు? మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే త్రైమాసిక కూటాలకు వచ్చినవారికి దారి పొడుగునా ఎవరు తావిచ్చారు? బీదలు ఒకరినొకరు పోషించుకున్న సంగతి ఏ రిపోర్టుకూ ముఖ్య విషయం కాలేకపోయింది. బాప్తిస్మం పొందినవారి అంకె మనకు కంఠస్థమైంది. పొయ్యిలు వెలిగించినవారి పేరు ఒక్కటీ మన పాఠాలలో లేదు.

3. ఏమి తినాలి, ఎవరితో తినాలి

తొలి విశ్వాసుల ముందు క్లౌ ఉంచిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఈ మూడింటిలో రెండవది నేరుగా వంటకుండకు సంబంధించినది. ఊరిలో చచ్చిన పశువును తీసుకుపోవడం, తోలు ఊనడం, చెప్పులు, మోట తోలు కుట్టి ఇవ్వడం మాదిగల మీద మోపిన బాధ్యత. ఆ మాంసాన్ని నిరాకరించడం ఊరి కట్టుబాటును ప్రశ్నించడమే. ఊరిపెద్దల కోపానికి విశ్వాసులు గురికావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ నియమాన్ని తెల్లదొరల ఆచారశుద్ధిగా మాత్రమే కొట్టివేయడం సరికాదు. 1927లో మహాడ్ సభలో డాక్టర్ అంబేడ్కర్ కూడా తన ప్రజలను చచ్చిన పశువు మాంసం మానమని కోరాడు. అందులో ఆత్మగౌరవం ఉంది. మా ప్రశ్న వేరు. ఏమి తినకూడదో చెప్పిన సంఘం, ఎవరితో కలిసి తినాలో అంతే గట్టిగా చెప్పిందా?

యెరూషలేము సభ తీర్మానం ఈ సందర్భంలో గమనించదగినది (అపొ.కా. 15:19–29). రక్తం, గొంతు పిసికి చంపినది విసర్జించమని అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులకు రాసిన ఆ నియమం యూదులు, అన్యులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి తోడ్పడింది. అంతియొకయలో పేతురు భోజనపంక్తి నుండి వెనుదీసినప్పుడు పౌలు అందరి యెదుట అతణ్ణి గద్దించాడు (గలతీ. 2:11–14). అంటే ఆదిమ సంఘంలో ఆహార నియమం సహపంక్తి కోసం పుట్టింది. ఒంగోలు ప్రాంతంలో ఆహార నియమం వచ్చింది గాని సహపంక్తి రాలేదు. మాదిగ విశ్వాసి తన వంటకుండను మార్చుకున్నాడు. ఆ కుండలోది తినడానికి ఊరివారెవరూ రాలేదు. నియమం అతిథిని మార్చింది, ఆతిథేయుణ్ణి కదల్చలేదు.

మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని పై కులాలవారు సూచించినప్పుడు క్లౌ దంపతులు వేర్వేరు గదులలో బైబిలు తెరవగా ఇద్దరికీ 1 కొరింథీ. 1:26 భాగమే కనబడిందన్న వృత్తాంతం మనకు సుపరిచితం. ఆ నిర్ణయం గొప్పది. గొప్పవారిని కాదని బీదలను ఎన్నుకున్న నిర్ణయం అది. అయితే దాని తరువాతి అడుగు మిగిలిపోయింది. మాల, మాదిగ పేటల మధ్య గీత మన సంఘాలలో ఇంకా చెరగలేదు. ఒకే ప్రభు బల్ల దగ్గర పాలుపొంది, ఇంటికి వెళ్లగానే ఒకరి ఇంట మరొకరు నీళ్లు ముట్టని స్థితి ఎక్కడ మిగిలి ఉన్నా, అక్కడ పౌలు గద్దింపు నేటికీ వర్తిస్తుంది.

4. అన్నమంతా ఆతిథ్యం కాదు

అన్నం పెట్టడమెల్లా ఆతిథ్యమే అనుకోకూడదు. దీనికి వేటపాలేనికి దగ్గరలోనే ఉదాహరణ ఉంది. బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురం నేరస్థ జాతుల చట్టం కింద ముద్రపడిన ఎరుకల కుటుంబాలను స్థిరపరచడానికి 1910ల తొలి భాగంలో ఏర్పడిన సెటిల్‌మెంటు. ప్రభుత్వం దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. అక్కడ భూమి, పని, బడి, ప్రార్థన అన్నీ ఉన్నాయి. వాటితోబాటు హాజరు పట్టీ కూడా ఉంది. ఆ పరిచర్యలో నిజమైన ప్రేమతో శ్రమించినవారు లేరని మేము అనడం లేదు. కాని అనుమతి లేకుండా బయటికి పోలేని మనిషి అతిథి కాడు. పెట్టే చేయి ఎప్పుడూ ఒకరిదే, చాపే చేయి ఎప్పుడూ మరొకరిదే అయినప్పుడు అక్కడ దానం ఉండవచ్చు, ఆతిథ్యం ఉండదు. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. ఆ ముద్ర మాత్రం ఆ ఊరి పేరును చాలా కాలం వదలలేదు.

ఈ భేదాన్ని ముందుగా స్పష్టంగా చెప్పినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి నుండి తెలుగు నేలకు వచ్చి 1912లో దోర్నకల్ బిషప్ అయిన ఆయన, అంతకు రెండేళ్ల ముందు, 1910 ఎడింబరో మిషనరీ మహాసభలో మాట్లాడాడు. పాశ్చాత్య మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య స్నేహం కొరవడిందని నిర్మొహమాటంగా చెప్పాడు. విందులు, తేనీరు, కరచాలనం వాటి కోసమే కోరడం లేదని, అవి స్నేహానికి గుర్తులైతే తప్పక కావాలని ఆయన వాదించాడు. ఆయన అడిగింది జీతం పెంపు కాదు, భోజనబల్ల దగ్గర సమాన స్థానం. హెబ్రీ. 13:2లో ఆతిథ్యం అనే మాటకు మూలమైన గ్రీకు పదం ఫిలోక్సేనియాకు అర్థం పరదేశి పట్ల ప్రేమ. ప్రేమించబడినవాడు తిరిగి ప్రేమించే వీలు దానిలో ఉంటుంది. ఎమ్మాయులో పిలువబడిన బాటసారే రొట్టె పట్టుకుని విరిచాడు (లూకా 24:29–35). అతిథి ఆతిథేయుడైన ఆ క్షణంలోనే శిష్యుల కన్నులు తెరువబడ్డాయి.

5. నేటి గృహ కూడికలు

ఈ కొలతతో నేటి మన కూడికలను చూద్దాము. గృహప్రవేశ ప్రార్థన, కృతజ్ఞతా కూడిక, మరణించినవారి జ్ఞాపకార్థ కూడిక, శుక్రవారపు ఉపవాస ప్రార్థన: తీరప్రాంత సంఘాలలో విశ్వాసం వారమంతా బ్రతికి ఉండేది వీటివలననే. ఆదివారం ఆలయంలో నోరు విప్పని స్త్రీలు ఈ కూడికలలో ప్రార్థిస్తారు, సాక్ష్యం చెబుతారు, పురుషోత్తమ చౌదరి కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతారు. కొడుకు ఉద్యోగం, కూతురి కాన్పు, వడ్డీ అప్పు, భర్త తాగుడు ప్రార్థనాంశాలుగా బయటికి వచ్చేది ఇక్కడే. ఆమెన్ తర్వాత ప్లేటులో పెట్టిన పులిహోర తింటూ, ఆ అప్పు ఎంతో, ఏ విధంగా తీర్చవచ్చో మెల్లగా మాట్లాడుకుంటారు. ప్రార్థనకు జవాబు చాలాసార్లు ఆ సంభాషణలోనుండే వస్తుంది. సంఘాన్ని కట్టే పని ఇదే.

అయితే మేము చూసిన కూడికలలో నాలుగు విషయాలు విమర్శకు నిలుస్తాయి.

మొదటిది, ఖర్చు. మగ్గం గుంట ముందు గదిలోనే ఉన్న నేతపని ఇంట కూడిక పెట్టాలంటే ఆ పూట మగ్గం ఆపాలి, అంటే కూలి పోవాలి. జీడిపప్పు వలిచే పనికో, పొలం పనికో పోయే స్త్రీ కూడా ఆ రోజు కూలి వదులుకోవాలి. పక్క ఇంటివారు కోడికూర పెట్టారని తానూ పెట్టాలన్న పోటీ మొదలైతే బీద కుటుంబం కూడికనే మానుకుంటుంది. ఆతిథ్యం అప్పుగా మారిన చోట సంఘం బీదలను సిగ్గుపరుస్తున్నది (1 కొరింథీ. 11:22).

రెండవది, వరుస. కాపరిగారికి, పెద్దలకు లోపలి గదిలో, తర్వాత పురుషులకు, పిల్లలకు, చివరకు వండినవారికి అడుగు మిగిలినది. ఉపవాస ప్రార్థన రోజున ఇంటి స్త్రీ తానూ ఉపవాసం ఉండి, కూడిక తర్వాత అందరూ తినడానికి వండుతుంది. వాక్యం చెప్పేవేళ ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. తర్వాతి ప్రసంగంలో మార్త తొందరపాటును గూర్చి హెచ్చరిక వినేదీ ఆమే. మార్త వడ్డించినది మాత్రమే కాదు, యేసు దేవుని కుమారుడైన క్రీస్తని స్పష్టంగా ఒప్పుకున్నది కూడా (యోహాను 11:27; 12:2). వంట చేసే నోటినుండే సంఘపు ఒప్పుకోలు వచ్చిందన్న సంగతి మన ప్రసంగపీఠాలు మరిచాయి.

మూడవది, పిడికెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నెలకొకసారి సంఘానికి తెచ్చి ఇచ్చే ఆచారం తెలుగు సంఘాలలో స్త్రీలు నిలిపినది. మిజోరం సంఘాలలో కూడా 1910 నుండి ఇటువంటి ఆచారం ఉంది. సారెపతు విధవరాలు తొట్టిలోని పట్టెడు పిండిలోనుండి ముందుగా ప్రవక్తకు అప్పము చేసిన సంగతికి (1 రాజులు 17:8–16) ఇది ప్రతిదినం జరిగే వ్యాఖ్యానం. దీనిని మనం కానుకల పద్దులో ఒక మొత్తంగా రాసుకుంటాము. ప్రతి పూటా వంటకు ముందు చేసిన ప్రార్థనగా దానిని ఎన్నడూ లెక్కించలేదు.

నాలుగవది, వంట చేజారిపోవడం. క్రిస్మసు ప్రేమవిందులు ఇప్పుడు చాలాచోట్ల వంటమేస్త్రీల చేతికి, కేటరింగుకు వెళ్లాయి. పని తగ్గడం స్త్రీలకు మేలే. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కాని కలిసి కూరగాయలు తరిగి, కలిసి అరిసెల పిండి దంచిన వేళలలో జరిగిన మాటామంతీ, రాజీలు, పరామర్శలు ఎక్కడికి పోయాయో సంఘం ఆలోచించాలి. పురుషులు కూడా కత్తిపీట ముందు కూర్చుంటే, ఆ భారం తగ్గి సహవాసం మిగులుతుంది.

ముగింపు

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలను, పుస్తకాలను తరతరాలుగా భద్రపరచి, దూరప్రాంతాల పరిశోధకులను రప్పించుకుంటున్నది. ఒక చిన్న పట్టణం తన అక్షర జ్ఞాపకాన్ని అంత శ్రద్ధగా కాపాడుకోగలిగినప్పుడు, దాని చుట్టూ ఉన్న సంఘాలు తమ ఆతిథ్య జ్ఞాపకాన్ని ఎందుకు కాపాడుకోలేదన్నది మన ముందున్న ప్రశ్న. ఆ జ్ఞాపకం వృద్ధ స్త్రీల నోట మాత్రమే ఉంది. వారితోనే వెళ్లిపోతున్నది.

కాబట్టి కొన్ని సూచనలు చేస్తున్నాము. వేదాంత కళాశాలల విద్యార్థులు తమ క్షేత్ర పరిచర్య కాలంలో సంఘంలోని వృద్ధ స్త్రీల వద్ద కూర్చుని, ఎవరు ఎవరికి వండిపెట్టారో, ఎవరి ఇంట ఎవరు తినలేదో విని రాయాలి. గృహ కూడికల వంతులు పేటలు దాటి సాగాలి. మజ్జిగా మరమరాలకు మించి పెట్టకూడదన్న కట్టుబాటు సంఘమే చేస్తే, బీద ఇల్లు కూడా సిగ్గు లేకుండా వంతు తీసుకోగలదు. కాపరి ముందుగా భోంచేయవలసింది ఊరిలో ఎవరూ భోంచేయని ఇంట. వండినవారు కూర్చుని వాక్యం వినేదాకా కూడిక మొదలుపెట్టకూడదు.

కూటి కోసం వచ్చారన్న నిందకు ఇక మనం సిగ్గుపడనవసరం లేదు. ఆకలితో వచ్చినవారూ ఉన్నారు. ఆకలిగొన్నవాణ్ణి పిలిచే ప్రభువు మనకున్నాడు. అయితే తమకే చాలని గింజలలోనుండి బోధకునికి, బాటసారికి, కరవులో తప్పిపోయిన పిల్లలకు వండి పెట్టినవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారని మా నమ్మకం. వారిని సంఘ స్థాపకులుగా గుర్తించినప్పుడు మన చరిత్ర నిజమవుతుంది. వారి మనుమరాళ్లకు ఆ ఇళ్లలోనే కూర్చుని వాక్యం వినడానికి, చెప్పడానికి చోటిచ్చినప్పుడు మన ఆతిథ్యం నిజమవుతుంది.